లక్క నింపిన గుంటలు

మూల చింపిన కార్డు వస్తే మా దిక్కు ఇంట్లకు తీసుకపోరు. చావు కబురు గనుక గడప బయటనే నిలవడి చదివి, అక్కడనే చింపి పారేసి, కాళ్ళు కడుక్కొని లోపలికి పోతరు. నేను చదివింది ఐదో తరగతి దాకనే. అందుకని ఆ కార్డు పట్టుకొని మిగిలినోళ్ళ కన్న జర ఎక్కువసేపే గడప బయట నిలవడ్డ. సుల్తానాబాద్ నుంచి మధుకర్ సారు భార్య సుశీలమ్మ రాసింది. సారు పోయిండని రెండు ముక్కలు, మీ వస్తువొకటి మా ఇంట్ల ఉన్నది, వీలు చూసుకొని వచ్చి తీసుకపోవాలెనని ఇంకో రెండు ముక్కలు. మా కోడలు లోపలి నుంచి "ఎవలు మామా?" అని అడిగింది. "ఒకాయనకు ఒక మాట చెప్పేదుండె బిడ్డా. ఇన్నేండ్ల సంది రేపు చెప్పుత, మాపు చెప్పుత అనుకుంటున్న. నేను చెప్పకముందే ఆయన ఇనే పని బందు పెట్టిండు" అన్న. ఆమె కిసుక్కున నవ్వింది. ఆమె తప్పేం లేదు. మా ఇంట్ల, మా ఊర్లె నేనేమన్నా నవ్వుడే అలవాటు. ఆ అలవాటు జేసింది నేనే.

మాది బోథ్‌కు రెండు కోసుల దూరంల ఊరు, వడ్లోళ్ళ ఇల్లు, కట్టెపనే మా బతుకు. నా చిన్నప్పుడు ఇంటి ముందటి కొట్టంల ఎప్పుడూ నల్లతుమ్మ మొద్దులు నానుతుండె. తడిసిన తుమ్మ వాసన, ఆముదం వాసన, అవ్వ కాల్చే జొన్నరొట్టె వాసన, ఈ మూడూ కలిసి ఒక్కటే వాసన అనుకునేటోన్ని. వేరే ఊర్లె రొట్టె తింటే, తుమ్మ వాసన రాక, ఇది సరిగ కాలలేదనిపించేది. బాపుకు నలభై దాటకముందే కండ్లల్ల పూత పట్టింది. అయినా కట్టె ముక్కను ముక్కుకాడ పెట్టుకొని, ఇది చేను గెట్టు మీద పెరిగిందా, వాగొడ్డున పెరిగిందా చెప్పెటోడు. వాగొడ్డు కట్టె నాగలికి పనికిరాదనెటోడు, నీళ్ళ పక్కన పెరిగినోనికి ఓపిక ఉండదట. బడిల పంతులేమో నాకు లెక్కలు రావన్నడు, ఇంట్ల బాపేమో కండ్లు కనిపిస్తలేవన్నడు. ఇద్దరి తకరారుకు ఒక్కటే మందు దొరికింది: నన్ను బడి మాన్పించి చేతిల బాడిశ పెట్టిండ్రు. పంతులు నాకన్న ఎక్కువ సంబరపడ్డడు.

మా ఇంట్ల అసలు పనిమంతురాలు బాపు కాదు, నేనూ కాదు, నన్ను కన్న అవ్వ. వడ్ల లచ్చవ్వ చెయ్యి అంటే చుట్టూ నాలుగూర్లకు ఎరుకే. మా దిక్కు జొన్నలు గొర్రుతోని విత్తుతుండె. గొర్రుకు మూడు పండ్లు, నెత్తి మీద జడ్డిగం, అంటే కట్టెతోని తొలిచిన గిన్నె. గిన్నె అడుగున మూడు తొర్రలు, తొర్రలకు మూడు వెదురు గొట్టాలు. మొగోడు ఎడ్లను తోలుతుంటే ఆడిది పక్కన నడుసుకుంట, ఒళ్ళెకెళ్ళి పిడికెడు పిడికెడు గింజలు తీసి గిన్నెల పోస్తది. గొట్టాలల్ల నుంచి గింజ సాల్లల్ల పడుతది. చూసేటోళ్ళకు అలుకటి పనే. కానీ భూమిల తడి ఎంతున్నది, ఎడ్లు ఎంత జోరుగ నడుస్తున్నయి, పిడికిలి ఎంత వదులు చెయ్యాలె, ఇవన్నీ వేళ్ళకు తెలువాలె. చిక్కగ పడితే ఒకదాని నోట్లెది ఒకటి గుంజుకుంటది, పలుచగ పడితే గడ్డి రాజ్యమేలుతది. మిరుగం కార్తె వస్తే "లచ్చవ్వా, ముందుగాల మా చేనుకు రావాలె" అని రైతులు మా ఇంటి ముందట పెండ్లివారి లెక్క నిలవడెటోళ్ళు. విత్తనం పోసే రోజు అవ్వ ఉప్పు, కారం ముట్టకపోయేది. బూడిదతోని చేతులు తోముకొని, వట్టి రొట్టె తిని పోయేది. పిడికిలి విప్పినప్పుడల్ల ఆమె మట్టిగాజులు ఒక్కతీరుగ గలగలమనేటియి, ఎడ్లు ఆ సప్పుడుకే అడుగులేసేటియి. నేను కొట్టంల కూసొని, కంటికి కనిపించని చేన్ల అవ్వ ఏం విత్తుతున్నదో గాజులను బట్టి చెప్పెటోన్ని. జొన్నకొక నడక, పెసరకొక నడక. ఊరోళ్ళు నవ్వెటోళ్ళు, నేను కోతలు కోస్తున్ననుకొని. అది మాత్రం కోత కాదు.

మధుకర్ సారు సుల్తానాబాద్ దిక్కు కలిగినోళ్ళ ఇంటి కొడుకు. వ్యవసాయపు పనిముట్ల ఇంజనీరు చదువు చదివిండు. తెలంగాణ లొల్లిల ఒక ఏడాది చదువు పోయిందని చెప్తే, "మీకు ఒక్క ఏడాదే పోయింది సారూ, నాకు లొల్లి లేకుంటనే అన్నీ పోయినయి" అన్న. ఆయన మా కొట్టానికి మొదలు వచ్చిన రోజు నాకు యాదికున్నది. సైకిలు గోడకు ఆనిచ్చి, మోకాళ్ళ దాక బురద పట్టిన ప్యాంటుతోని మొద్దు మీదనే కూసున్నడు.

"దొరా, కుర్చీ లేదు మా ఇంట్ల" అన్నడు బాపు.

"దొర అంటే లేచిపోత. మీ దగ్గర పని నేర్చుకుందామని వచ్చిన."

"పని నేర్చుకోవాలంటే బడి మానెయ్యాలె సారూ, మా దగ్గర అదే కాయిదా" అన్న నేను.

"మానేసే వచ్చిన" అన్నడు ఆయన. సర్కారు కొలువు విడిచిపెట్టి వచ్చిండని మాకు తర్వాత తెలిసింది.

మూడేండ్లు మా ఊర్లెనే ఉన్నడు. ఏ సామాను గీసినా నన్ను ఒక్కటే మాట అడిగెటోడు: "బ్రమ్మయ్యా, ఇది విరిగితే ఈ ఊర్లె బాగయితదా?" కాదంటే ఆ కాగితం మడిచి పక్కన పెట్టెటోడు. ఇనుప బోల్టు కోసం రైతు ఆదిలాబాద్ బస్సు ఎక్కితే ఆ రోజు పదును పోయినట్టే, కట్టెమేకు పెట్టు అనెటోడు. కలుపు తీసే గుంటుకను ఒంటెద్దు గుంజేటట్టు చేసినం. పెండ కుప్ప మీద పందిరెయ్యాలెనని చెప్తే ఊరంత నవ్వింది, పెండకు సుత ఎండ తలుగుతదా అని. తర్వాత ఎనిమిది ఇండ్లల్ల పందిర్లు లేచినయి. మా ఇంటెనుక రెండెకరాల రైతు మారుతి ఉండెటోడు. వాళ్ళ ఇంట్ల సగం మాట మరాఠీ, సగం తెలుగు, రెంటికీ కలిపి ఒక్కటే ఎడ్ల జత. ఏ పనిముట్టయినా సారు ముందు మారుతి చేతికే ఇచ్చెటోడు. "మారుతి గుంజగలిగితే ఎవలైనా గుంజుతరు" అనెటోడు.

ఒకనాడు అవ్వతోని అన్నడు, "అవ్వా, పెద్ద పెద్ద మిషన్లు వస్తున్నయి. అవి వచ్చినంక రెండెకరాలోడు గెట్టు మీద కూసొని చూసుడే. అంతకుముందే నీ చేతి తీరుగ గింజ పోసే గొర్రు చెయ్యాలె. కట్టె రోలరు, దానికి చిన్న చిన్న గుంటలు. ఎద్దు నడిస్తే రోలరు తిరుగుతది, గుంటకు ఇన్ని గింజలని జారుతయి."

"నా చెయ్యి నరికి కట్టెకు పెడుతవా ఏంది సారూ?"

"నువ్వు నాలుగూర్లల్ల పోస్తున్నవు. గిట్ల చేస్తే నలభై ఊర్లల్ల నీ చెయ్యే తిరుగుతది."

అవ్వ ఆ మాటకు కరిగిపోయింది. అంతకుముందు ఆమె చేతిని ఎవలూ అంత పెద్దగ చెప్పలే. పిలిచి గింజలు పోయించుకునుడే తప్ప.

కొలిచేటందుకు ఎండకాలంల ఒక పగలు పెట్టుకున్నం. అవ్వ పొద్దుగాలనే రొట్టెలు చేసి, పచ్చిపులుసు పెట్టి, సారుకు వద్దంటున్నా రెండోసారి వడ్డించింది. ఇంటికొచ్చినోనికి రెండోసారి వడ్డించకుంటే చెయ్యి కురచ అంటరు మా దిక్కు. కల్లం అలికి, తెల్లధోతులు పరిచినం. ఎడ్లకు బదులు నేను, మారుతి గొర్రు గుంజినం. సారు టేపు, పుస్తకం పట్టుకొని కూసున్నడు. మొదటి సాలుకే నా చెవికి తెలిసిపోయింది. గాజులు జోరుగ మోగుతున్నయి. జొన్న నడక కాదది.

"అవ్వా, భూమికి పెండ్లి భోజనం పెడుతున్నవా, గట్ల వడ్డిస్తున్నవు?" అన్న.

మారుతి నవ్విండు. సారు కండ్లద్దాలు పైకి అనుకొని ఆయన సుత నవ్విండు. "నోరు మూసుకొని గుంజు" అన్నది అవ్వ. మూడుసార్లు పోసింది, మూడుసార్లూ మూరకు అన్నే గింజలు. "మిషను సుత గింత ఒక్కతీరుగ పొయ్యది" అని సారు మురిసిపోయిండు. మోసం అక్కడనే ఉన్నది. ఆమె పిడికిలి ఒక్కసారి ఎంత పట్టుకుంటే అంతే, మారదు. ఆ పూట పట్టుకున్నది మాత్రం చేను పిడికిలి కాదు, చుట్టానికి పట్టుకున్న పిడికిలి. పొద్దుమీకి అడిగిన, "చిక్కగ పోసినవు గదనే?" అని. "పెద్దింటాయన నా చెయ్యి చూడనీకి వచ్చిండు. ఆయన ముందట పిసినారి పిడికిలి పడుతరా? చదువుకున్నోడు, ఎక్కువుంటే ఆయనే తగ్గించుకుంటడు తియ్యి" అన్నది. తెల్లారి సారుకు చెప్దామనుకున్న. తెల్లారి ఆయన రోలరు కొలత గీసి చేతిల పెట్టిండు. చేతిల కొత్త పని పడితే నాకు లోకం తెల్వది. నల్లతుమ్మ చేవ తెచ్చి కోల చెక్కి, ఇనుప సీల ఎర్రగ కాల్చి, ఒక్కో గుంటనూ కాల్చుకుంట తొలిచిన. నా బతుకుల అంత సాపు పని మళ్ళ చెయ్యలే. అంత తప్పు పని సుత చెయ్యలే.

ఆ ఏడు నలుగురు రైతులు మా గొర్రుతోని విత్తిండ్రు. మిగిలినోళ్ళ చేన్లకు అవ్వ ఎప్పటి లెక్కనే చేత్తో పోసింది. మొదటి నెల వానలు మంచిగ కురిసినయి. గొర్రు చేన్లు చేప పొలుసు లెక్క చిక్కగ, పచ్చగ లేచినయి. సారు గెట్ల మీద తిరిగి, "చిక్కగున్నది మారుతీ, నడుమ నడుమ పీకెయ్యి" అన్నడు. పచ్చగ మొలిచినదాన్ని ఎవలికి పీకబుద్ధయితది? మారుతి "ఉండనియ్యి సారూ, దేవుడిచ్చిండు" అన్నడు. కంకి తొడిగే యాళ్ళకు వాన కట్టేసింది. మళ్ళ రాలే. చేత్తో పోసిన చేన్లు వాడిపోయి సుత, ఇంటికిన్ని గింజలు ఇచ్చినయి. మా నాలుగు చేన్లు మోకాలెత్తుల ముడుచుకపోయినయి. ఎండకు ముడిగిన జొన్న విషమయితది, దాన్ని నాము అంటం. పశువు తింటే గంట సుత ఆగది. మారుతి ఎద్దు ఒకటి పగ్గం తెంపుకొని చేన్లవడ్డది. మేము ఉరికేసరికి కడుపుబ్బి, నురుగు కక్కుకుంట పడిపోయింది. మారుతి దాని నోరు పెకిలించి బెల్లంనీళ్ళు పోస్తుండె, "ఉఠ్ రే బాబా, లే, లే" అనుకుంట. పోసిన నీళ్ళు పోసినట్టే బయటికొచ్చినయి. జత ఎద్దు పక్కన నిలవడి గడ్డి నెమరేస్తనే ఉన్నది.

చచ్చిన ఎద్దు ముందటనే ఊరోళ్ళు కూడిండ్రు. సారు పుస్తకం చేతిల పట్టుకొని వచ్చిండు. "లెక్క తప్పింది. గింజ ఎక్కువ పడ్డది. తప్పు నాదే" అన్నడు. అప్పుడు ఊరి పెద్దమనిషి ఒకాయన అవ్వ దిక్కు తిరిగి, "లచ్చవ్వా, సారు కొలిచింది నీ చెయ్యే గదా? తప్పు నీ చేతిల ఉన్నదా, ఆయన లెక్కల ఉన్నదా?" అని అడిగిండు. అవ్వ చెయ్యి కొంగుల దాసుకున్నది. నా మొఖం చూసింది. అవ్వ చేతికి పేరు పోతే మిరుగం నాడు మా గడప ముందట ఇగ ఎవలూ నిలవడరు. బాపు కండ్లు ఎన్నడో పోయినయి. నిజం నాకు తెలుసు, చెప్పేటందుకు నోరున్నది. ఆ నోటితోని నేను అన్నది గిది: "మా అవ్వ చేతిల ఏం తప్పున్నది కాకా? సారు కండ్లద్దాలు పెట్టుకొని చూసిండు. అద్దాలల్ల చిన్న పిడికిలి సుత పెద్దగ కనిపిస్తదని ఆయనకు ఎవలూ చెప్పలే."

అందరూ నవ్విండ్రు. ఎద్దు చచ్చినకాడ, మారుతి తప్ప అందరూ నవ్విండ్రు. సారు కండ్లద్దాలు తీసి అంగీతోని తుడుసుకొని, మళ్ళ పెట్టుకొని, "బ్రమ్మయ్య చెప్పింది నిజమే" అన్నడు. వారం దినాలల్ల ఊరు విడిచిండు. పోయేటప్పుడు రోలరు ఒక్కటి ఊడదీసుకొని సంచిల పెట్టుకున్నడు. మిగిలిన గొర్రును ఎవలో పొయ్యిల పెట్టుకున్నరు. మంచి చేవ కట్టె, మస్తుసేపు కాలి ఉంటది.

మారుతి మిగిలిన ఎద్దును అమ్మేసి, నిర్మల్‌ల ఒక ఏజెంటును పట్టుకొని మస్కట్ పోయిండు. ఎడారిల ఒంటెలు కాస్తున్ననని ఒక ఉత్తరం వచ్చింది. రెండేండ్లకు శవం పెట్టె వచ్చింది. ఆ పెట్టె మోసినోళ్ళల్ల నేను ఒకన్ని. తొవ్వల ఎవలో, "బ్రమ్మయ్యా, ఏమన్న మాట్లాడురా, జర మనసు తేలికయితది" అన్నరు. అవ్వను మాత్రం ఊరు విడిచిపెట్టలే, ఆమె చేతికి పేరు అట్లనే ఉన్నది, మిరుగం నాడు పిలుస్తనే ఉన్నరు. కానీ ఆ ఏడు నుంచి ఆమె గాజులు మోచేతి దాక ఎక్కించి, గుడ్డపేలికతోని కట్టుకొని పోయేది. కొట్టంల నాకు ఏం ఇనపడకపోయేది. "గాజులు కట్టేస్తే ఎడ్లు ఎట్ల నడుస్తయే?" అంటే, "కొరడాతోని" అన్నది. మాటిమాటికి ఒకటే మాట, "సుల్తానాబాద్ పోయి సారుకు చెప్పిరా బిడ్డా. నా చెయ్యి చిక్కగ పడ్డదని చెప్పు." నాకు ఒక ఏడు బస్సు సరిగ దొరకలే, ఒక ఏడు పిల్ల పెండ్లి, ఒక ఏడు మోకాళ్ళ నొప్పి. అవ్వ పోయే ముందట మూడు దినాలు మాట లేదు. కుడిచెయ్యి ఒక్కటి పిడికిలి మూసుకుంట, విప్పుకుంట ఉండె. దోమలు కొట్టుకుంటున్నదనుకున్నది మా కోడలు.

కబురు చూసుకొని సుల్తానాబాద్ పోయిన. సుశీలమ్మ ఇల్లు అంగడి దాటినంక, పొలాల అంచున. వాళ్ళ పాళ్ళకొచ్చిన భూమంత ఏమయిందో గని, సారు తన కోసం ఉంచుకున్నది రెండెకరాలే. చుట్టూ అందరివి నీళ్ళ పొలాలు, నడుమ ఈయనవి కంది, జొన్న, నువ్వులు. పెండ కుప్ప మీద పందిరి. చూరుకు వేలాడుతున్న గుంటుకలు, దంతెలు, అన్నింటికి కట్టెమేకులే. విరిగితే ఊర్లె బాగుకానిది ఆ ఇంట్ల ఒక్కటే ఉండె, ఆయన గుండె. సుశీలమ్మ చాయ పెట్టి ఇచ్చి, లోపలికి పోయి పాతధోతి మూట తెచ్చింది. విప్పితే నేను తొలిచిన రోలరు. ఆముదం పెట్టి పెట్టి నల్లగ మెరుస్తున్నది. చెయ్యి తాకిస్తే గుంటల లోతు నాది కాదు. వెలుగుకు పట్టి చూసిన. ఒక్కో గుంట అడుగున ఎర్ర లక్క నింపి, గోరుతోని నున్నగ చేసి ఉన్నది. చాటల జొన్నలుంటే పిడికెడు తీసి రోలరు మీద పోసి, వేలితోని తిప్పిన. గుంటకు రెండే, ఒకచోట మూడు, మళ్ళ రెండే. చాటల పడే ఆ సప్పుడుకు నా చెవులల్ల గాజులు మోగినయి. అది అవ్వ చేను పిడికిలి.

"ఎప్పుడు నింపిండమ్మా?"

"మీ ఊరు నుంచి వచ్చిన తెల్లారే. పొయ్యి కాడ కూసొని లక్క కరిగించిండు. మీ అవ్వ చేత్తో పోసిన చేన్లల్ల మొక్కలు లెక్కపెట్టి రాసుకున్నడట, ఆ ఎద్దు చావకముందే."

అంటే పంచాయితీ నాడు ఆ పుస్తకంల నిజం ఉన్నది. ఆయన దాన్ని చేతిల పట్టుకొనే నిలవడ్డడు.

"అమ్మా, నాకు కల్లంలనే తెలుసు. అవ్వ చుట్టం పిడికిలి పోస్తున్నదని గాజుల సప్పుడుకే తెలిసింది. నేను సారుకు చెప్పలే" అన్న. నా బతుకుల ఎటకారం లేకుండ అన్న మొదటి మాట అదే కావచ్చు.

ఆమె చాట దగ్గరికి గుంజుకున్నది. "చెప్పలేదని ఎవలన్నరు బ్రమ్మయ్యా? పెండ్లి భోజనం అన్నవట గదా. 'బ్రమ్మయ్య నాకు అప్పుడే చెప్పిండు సుశీలా, నేనే నవ్విన. అందుకే తప్పు నాది' అనెటోడు. ఎన్నిసార్లు అన్నడో."

నేను చాయ గిలాస కింద పెట్టిన. "మరి కండ్లద్దాల మాట?"

"అదీ చెప్పిండు" అన్నది. రోలరును కొంగుతోని తుడిచి నా చేతిల పెట్టింది.

జగిత్యాల దాటి, నిర్మల్ దాటి బస్సు మా దిక్కు తిరిగేసరికి రెండు దిక్కుల పత్తే. జొన్న చేను ఒక్కటి కానరాలే. కిటికీలకెళ్ళి పురుగుమందు వాసన వస్తున్నది. ఇప్పుడు మా ఊర్లె ఎండకాలంల సుత అదే వాసన, రొట్టెకు సుత అదే వాసన. ఆడోళ్ళు డబ్బాల గింజలు తెచ్చి, దారం పట్టుకొని, వంగి ఒక్కొక్కటే పెడుతరు. గింజ ఎంత పెట్టాలెనో డబ్బా మీద రాసి ఉంటది, చేతికి తెలిసే అవసరం లేదు. నా పక్క సీట్ల ఒక రైతు పిలగాడు, ముప్పై ఏండ్లుంటయి, నా ఒళ్ళె ఉన్న రోలరును వంగి చూసి, "ఏంది తాతా ఇది, చపాతీల కర్రనా?" అని అడిగిండు.

వాని పెండ్లాం మీద, వాని చపాతీల మీద, నాలుగు జవాబులు ఒక్కసారే నోట్లెకొచ్చినయి. బస్సంతను నవ్వించేటియి.

"గొర్రుకు పెట్టేది. మా అవ్వ చెయ్యి ఇది" అన్న.

వాడు నవ్విండు.